ఆసుపత్రిలో ఉమ్మడి నిస్తంత్రీ వ్యవస్థ: గుణదోష విచారణ

1905వ సంవత్సరంలో హాలెండు దేశపు లైడెన్ నగరంలో ఐంథోవెన్ అను శాస్త్రజ్ఞునికి ఒక చిక్కు వచ్చినది. గుండె కొట్టుకొనేటప్పుడు పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును గీతగా వ్రాయగల యంత్రాన్ని ఆయన నిర్మించినాడు. కాని ఆ యంత్రం ప్రయోగశాల నుండి కదలింప వీలులేనంత బరువైనది. రోగులు ఉన్నది సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరంలోని ఆసుపత్రిలో. యంత్రాన్ని రోగి వద్దకు తీసుకొనిపోలేక, రోగిని యంత్రం వద్దకు రప్పించలేక, ఆయన టెలిఫోను తీగల గుండా గుండె వార్తను తన ప్రయోగశాలకు తెప్పించుకొన్నాడు. ఆ సమయంలో ఆ తీగ మీద ప్రయాణించినది ఒక్క రోగి గుండె వార్త మాత్రమే. దానికి అడ్డు వచ్చేవారు లేరు, దాని వెనుక వేచి ఉండేవారు లేరు.

1940 దశకం చివర అమెరికాలోని మోంటానా రాష్ట్రవాసి హోల్టర్ ఆ తీగను కూడ తొలగించినాడు. రేడియో తరంగాల ద్వారా గుండె గీతను పంపే ఆయన తొలి పరికరం బరువు సుమారు 38 కిలోగ్రాములు. దానిని మనిషి వీపుకు తగిలించుకొని నడువవలసి వచ్చేది. నేడు అదే పని చేసే పరికరం అరచేతిలో ఇముడుతున్నది. గుండెపోటు నుండి కోలుకొంటున్న రోగి మంచానికి కట్టుబడి ఉండనక్కరలేదు. వసారాలో నాలుగడుగులు వేయవచ్చును. అతని గుండె గీత మాత్రం నర్సుల బల్ల మీది తెర మీద ఎడతెగకుండ కనపడుతూనే ఉంటుంది.

ఇది నిస్సందేహంగా గొప్ప సౌకర్యం. అయితే ఆ గీత వచ్చే గాలిలోనే నేడు వైద్యుని ఫోను మాటలు, ఎక్స్‌రే బొమ్మలు, మందుల కొట్టు లెక్కలు, రోగి తాలూకు మనుషులు చూచే సినిమాలు కూడ ప్రయాణం చేస్తున్నవి. వీటన్నిటికి వేరు వేరు ఏర్పాట్లు ఎందుకు, ఒకే నిస్తంత్రీ వ్యవస్థను భవనమంతట నిర్మించి అందరమూ దానినే వాడుకొందాము అనే అభిప్రాయం ఆసుపత్రి నిర్వాహకులలో బలపడినది. ఈ అభిప్రాయంలోని మంచి ఎంత, లోపం ఎక్కడ అనునది విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉమ్మడి వ్యవస్థకు అనుకూలమైన వాదం

ముందు ఎదుటి పక్షానికి న్యాయం చేయవలెను. ఉమ్మడి వ్యవస్థను కోరేవారు కేవలం డబ్బు ఆదా కొరకే కోరుట లేదు.

ఒక్కొక్క పరికరాన్ని అమ్మిన సంస్థ తన ఏరియళ్ళను, తన తీగలను, తన గ్రాహకాలను తానే తెచ్చి పైకప్పులో బిగించినచో ఏమగును? గుండె పర్యవేక్షణకు ఒక వరుస, ఫోన్లకు ఒక వరుస, కంప్యూటర్లకు ఒక వరుస, ఇట్లు పైకప్పు నిండిపోతుంది. ఒకరి తీగలు ఎక్కడ ఉన్నవో మరొకరికి తెలియదు. ఒకరు ఎన్నుకొన్న పౌనఃపున్యం మరొకరి పరికరానికి అడ్డు తగిలినను అడిగే నాథుడు ఉండడు. పైగా ఆసుపత్రిలో పైకప్పు పలకను తెరచుట సామాన్య విషయం కాదు. పలక మీద పేరుకొన్న దుమ్ములో బూజు బీజాలు ఉంటవి. ఆరోగ్యవంతుని అవి ఏమీ చేయవు. రోగనిరోధక శక్తి క్షీణించిన రోగికి, ముఖ్యంగా రక్తపు కేన్సరుకు చికిత్స పొందుతున్నవానికి, ఆస్పర్‌జిల్లస్ అను బూజు ఊపిరితిత్తులలో చేరితే ప్రాణాపాయం. కనుక పైకప్పును ఎన్నిసార్లు తక్కువగా తెరిస్తే అంత మంచిది. ఒకేసారి అందరికీ సరిపోయే ఏర్పాటు చేసి మూసివేయుట అన్ని విధాల మేలు.

రెండవ వాదం కూడ బలమైనదే. ప్రపంచమంతట కోట్లకొలది తయారయ్యే వైఫై పరికరాలు చౌక. అవి చెడితే మార్చుట సులభం. వాటిని బాగుచేయగల పనివారు ప్రతి పట్టణంలోను దొరుకుతారు. ఒక్క ఆసుపత్రికొరకే ప్రత్యేకంగా చేసిన రేడియో పరికరం విషయంలో ఈ మాట చెప్పలేము. ఈ వాదాలను కాదనుటకు వీలులేదు. లోపం వీటిలో లేదు. ఈ వాదాల వెనుక మాట్లాడకుండా వదలివేసిన విషయాలలో ఉన్నది.

గాలి తీగ వంటిది కాదు

మొదటి విషయం, గాలి స్వభావం. రెండు తీగలు ప్రక్క ప్రక్కన ఉంటే రెండు వార్తలు ఏకకాలంలో పోవచ్చును. కాని ఒకే పౌనఃపున్యంలో ఒకేచోట ఇద్దరు మాట్లాడితే రెండు మాటలూ చెడిపోవచ్చును. దీనిని తరగతి గదిలో పాచికలతో చూపవచ్చును. ఆరుగురు విద్యార్థులను నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక పాచిక ఇవ్వండి. ఉపాధ్యాయుడు చప్పట్లు కొట్టినప్పుడల్లా అందరు పాచిక వేయవలెను. ఒకటి పడినవాడు తన పేరు చెప్పవలెను. ఒక్కరే పలికితే వార్త చేరినట్లు. ఇద్దరు లేక అంతకు మించి పలికితే చెడినట్లు. ఎవరూ పలుకకపోతే ఆ వంతు వృథా అయినట్లు. సంభావ్యతా గణితం ప్రకారం ఆరుగురు ఉన్నప్పుడు నూరు వంతులలో సుమారు 40 సఫలమగును. పన్నెండుగురు ఉన్నప్పుడు 27. ఇరువది నలుగురు ఉన్నప్పుడు కేవలం 6. జనం నాలుగింతలైతే ఒక్కొక్కరికి దక్కే భాగం నాలుగవ వంతుకు తగ్గుతుందని మనం అనుకొంటాము. నిజానికి అందరి మొత్తమే ఏడవ వంతుకు పడిపోయినది!

ఇది కేవలం ఆట కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో అబ్రాంసన్ బృందం ద్వీపాల మధ్య కంప్యూటర్ వార్తలను రేడియో ద్వారా పంపుటకు నిర్మించిన అలోహా అను వ్యవస్థలో ఈ సమస్యే ఎదురైనది. ఎవరికి తోచినప్పుడు వారు పంపే పద్ధతిలో మార్గం యొక్క మొత్తం శక్తిలో అత్యధికంగా 18.4 శాతం మాత్రమే ఉపయోగపడునని, అందరు ఒకే లయలో వంతులు పాటిస్తే అది రెండింతలై 36.8 శాతమగునని లెక్క తేలినది. నేటి వైఫై ఇంతకంటె తెలివైనది. అది పలికే ముందు చెవియొగ్గి వింటుంది. ఎవరైన మాట్లాడుతుంటే ఆగుతుంది. ఆ తరువాత యాదృచ్ఛికంగా ఎన్నుకొన్న కొద్దికాలం వేచి మాట్లాడుతుంది. అందువలన నష్టం చాల తగ్గినది. కాని పూర్తిగా పోలేదు. గోడకు ఇరువైపుల ఉన్న రెండు పరికరాలు ఒకదానినొకటి వినలేకపోవచ్చును. నడుమనున్న గ్రాహకానికి మాత్రం రెండూ వినపడి, రెండు మాటలూ చెడిపోవును.

పరిమాణం వేరు, నిశ్చయం వేరు

ఉమ్మడి వ్యవస్థను అమ్మేవారి పత్రాలలో తరచుగా కనపడే అంకె వేగం: సెకనుకు ఇన్ని కోట్ల బిట్లు. ఈ అంకె అబద్ధం కాదు. కాని అడగవలసిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఒక చిన్న లెక్క చూడండి. గుండె గీతను సెకనుకు 500 సార్లు కొలిచి, ప్రతి కొలతను 12 బిట్లలో వ్రాసి, మూడు గీతలను పంపినామనుకొందాము. సెకనుకు 18,000 బిట్లు అగును. ఇక 2,000 నిలువు వరుసలు, 2,500 అడ్డు వరుసలు కలిగి, ప్రతి బిందువుకు 16 బిట్లు పట్టే ఛాతీ ఎక్స్‌రే బొమ్మను తీసుకొందాము. అది 8 కోట్ల బిట్లు. అంటే ఒక్క ఎక్స్‌రే బొమ్మకు పట్టే స్థలంలో ఒక రోగి గుండె గీత 74 నిమిషాలపాటు పోవచ్చునన్నమాట. కాబట్టి గుండె గీత చాల చిన్న ప్రయాణికుడు. వేగం అతనికి అక్కరలేదు. అతనికి కావలసినది మరొకటి: తన క్షణం తనకు తప్పక దక్కుట. ఎక్స్‌రే బొమ్మ పది సెకన్లు ఆలస్యమైతే వైద్యుడు విసుగుకొనును. గుండె లయ తప్పినదని చెప్పే హెచ్చరిక విషయంలో ఆ పది సెకన్లను అంత తేలికగా తీసుకొనుటకు వీలులేదు.

ఈ చిక్కును ఎరిగియే ఇంజనీర్లు 2005లో వైఫై ప్రమాణాలకు ఒక సవరణ చేసినారు. వార్తలను మాటలు, దృశ్యాలు, సామాన్యం, వెనుకబాటు అని నాలుగు తరగతులుగా విభజించి, పై తరగతివారు తక్కువ సమయం వేచి ఉండే ఏర్పాటు కల్పించినారు. మేలైన ఏర్పాటే. అయితే దానిని సరిగా అర్థం చేసుకొనవలెను. పై తరగతివానికి ముందుగా అవకాశం రావడానికి ఎక్కువ వీలున్నదని మాత్రమే దీని అర్థం. తప్పక వచ్చునని కాదు. పై తరగతిలోనే జనం పెరిగితే వారిలో వారికే ఢీకొనుట తప్పదు. అంతేకాక ఏ వార్త ఏ తరగతిదో పంపేవారే గుర్తు వేయవలెను. ఆ గుర్తును దారిలోని ప్రతి పెట్టె గౌరవింపవలెను. ఇవన్నీ సరిగా అమరినవో లేదో సామాన్య దినాన తెలియదు. రద్దీ దినాన తెలియును. ప్రమాదం జరిగి క్షతగాత్రులు ఒక్కసారిగా వచ్చినప్పుడు, ఆసుపత్రి నిండినప్పుడు, అందరి ఫోన్లు మ్రోగునప్పుడు తెలియును. కాబట్టి ఇట్టి వ్యవస్థను సగటు దినపు కొలతతో మెచ్చుకొనుట, ఎండాకాలంలో వాగును చూచి వంతెన ఎత్తు నిర్ణయించినట్లుంటుంది.

వేరే పౌనఃపున్యం ఇస్తే సరిపోవునా?

అటులైన వైద్య పరికరాలకు వేరుగా కొన్ని పౌనఃపున్యాలు కేటాయిస్తే మంచిది కదా అని పాఠకులు అడుగవచ్చును. ఈ ప్రయోగం అమెరికాలో జరిగినది. దానికి కారణమైన సంఘటన తెలుసుకొనదగినది.

అక్కడి ఆసుపత్రులు గుండె పర్యవేక్షణకు చాల కాలం టెలివిజన్ కొరకు ఉద్దేశించబడి, స్థానికంగా ఖాళీగా ఉన్న చానళ్ళను వాడుకొన్నవి. చట్టం దానిని అనుమతించినది, కాని రక్షణ ఇవ్వలేదు. 1998 ఫిబ్రవరి 27న డల్లాస్ నగరంలో డబ్ల్యు.ఎఫ్.ఎ.ఎ. అను టెలివిజన్ కేంద్రం 9వ చానలులో తన అంకాత్మక ప్రసారాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించినది. అదే నగరంలోని బేలర్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో నిస్తంత్రీ హృదయ పర్యవేక్షణ యంత్రాలకు అంతరాయం కలిగినది. అదృష్టవశాత్తు రోగులకెవరికీ హాని జరుగలేదు. కారణం తెలియగానే కేంద్రం ఆ ప్రసారాన్ని నిలిపివేసినది. అక్కడ చట్టవిరుద్ధంగా ప్రవర్తించినవారు ఎవరూ లేరు. టెలివిజన్ వారు తమ హక్కును వాడుకొన్నారు. ఆసుపత్రి మరొకరి స్థలంలో తాత్కాలికంగా నిలిచి ఉన్నది.

ఈ అనుభవం తరువాత 2000 జూన్‌లో అమెరికా ప్రభుత్వ సమాచార సంస్థ వైద్య దూరమాపనం కొరకు మూడు ముక్కలు కేటాయించినది: 608 నుండి 614 వరకు, 1395 నుండి 1400 వరకు, 1429 నుండి 1432 మెగాహెర్ట్జ్ వరకు. మొత్తం 14 మెగాహెర్ట్జ్. ఈ ముక్కలు ఇట్లు తెగిపోయి ఎందుకున్నవో భౌతిక శాస్త్ర విద్యార్థులు గమనింపదగును. 1400 నుండి 1427 వరకు ఉన్న భాగంలో అంతరిక్షంలోని ఉదజని పరమాణువులు 1420 మెగాహెర్ట్జ్ వద్ద వెలువరించే తరంగాలు వస్తవి. రేడియో ఖగోళ శాస్త్రం కొరకు ఆ భాగంలో ఎవరూ ప్రసారం చేయరాదని అంతర్జాతీయ నియమం. 608 నుండి 614 వరకు ఉన్న భాగం కూడ మొదట నక్షత్రాలను వినేవారి కొరకు ఖాళీగా ఉంచినదే. మన దేశంలో పుణె సమీపంలోని ఖోడద్ వద్ద నెలకొన్న మహా రేడియో దూరదర్శిని సైతం 610 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఆకాశాన్ని పరిశీలించినది. నక్షత్రాలకొరకు నిశ్శబ్దంగా ఉంచిన వీధిలో రోగుల గుండెకు చోటు దొరకినదన్నమాట.

ఈ కేటాయింపు మేలు చేసినది. కాని దాని హద్దులు కూడ వెంటనే తెలిసినవి. ఆ పౌనఃపున్యాలలో మాటలు గాని, చలనచిత్రాలు గాని పంపరాదు. 14 మెగాహెర్ట్జ్ స్థలం పెద్ద ఆసుపత్రికి ఇరుకు. అమెరికాకు మాత్రమే పనికివచ్చే పరికరాన్ని ప్రపంచమంతట చౌకగా అమ్ముట కుదరదు. 2017లో అక్కడ టెలివిజన్ చానళ్ళను వేలం వేసి ఫోన్ల సంస్థలకు ఇచ్చిన తరువాత, 614 మెగాహెర్ట్జ్ పైన కేవలం 3 మెగాహెర్ట్జ్ ఖాళీ విడిచి ఫోన్ల స్తంభాల ప్రసారం ప్రారంభమగుచున్నది. వేరే ఇల్లు కట్టుకొన్నను ప్రక్కింటి చప్పుడు వినపడకుండ పోదు. కాబట్టి ‘వేరు’ అను మాట కూడ సర్వరోగనివారిణి కాదని ఒప్పుకొనవలెను.

ఇతర యంత్రాలపై ప్రభావం

మూడవ విషయం, రేడియో తరంగం తనకు సంబంధంలేని యంత్రాన్ని కూడ తాకుట. ప్రసారిణి శక్తి వాట్లలో తెలిస్తే, దానిని 30తో గుణించి, వర్గమూలం తీసి, మీటర్లలో దూరంతో భాగిస్తే, ఆ దూరంలో విద్యుత్ క్షేత్రం మీటరుకు ఇన్ని వోల్టులని స్థూలంగా తెలియును. ఒక వాటులో పదవ వంతు శక్తి గల వైఫై పెట్టె నుండి ఒక మీటరు దూరంలో ఇది 1.7 వోల్టులు. 20 సెంటీమీటర్ల దూరంలో 8.7 వోల్టులు. రెండు వాట్ల పాత ఫోను నుండి ఒక మీటరులో 7.7 వోల్టులు. ఆసుపత్రి యంత్రాలు సాధారణంగా తట్టుకొనవలసిన కొలత మీటరుకు 3 వోల్టులని అంతర్జాతీయ ప్రమాణం నిర్ణయించినది. దగ్గరలో ఫోన్లు, వైఫై పరికరాలు ఉండుటను లెక్కలోనికి తీసుకొని, 2014లో వెలువడిన కూర్పు ఆయా పౌనఃపున్యాలలో ఇంకను కఠినమైన పరీక్షలు చేర్చినది. అయితే అంతకు ముందు కొన్న యంత్రాలు వార్డుల నుండి వెంటనే మాయమైపోవు.

2008లో ఆంస్టర్‌డాం పరిశోధకులు అమెరికా వైద్య సంఘపు పత్రికలో ప్రకటించిన పరీక్షలు ఇక్కడ స్మరింపదగినవి. వస్తువుల జాడ తెలుసుకొనుటకు వాడే రేడియో గుర్తింపు చీటీల యంత్రాలను వారు రోగి లేని గదిలో 41 వైద్య పరికరాల వద్ద నడిపి చూచినారు. 123 పరీక్షలలో 34సార్లు అంతరాయం కలిగినది. అందులో 22 ప్రమాదకరమైనవి. కృత్రిమ శ్వాస యంత్రం ఆగిపోవుట, మందు ఎక్కించే పంపు నిలిచిపోవుట వంటివి వాటిలో ఉన్నవి. పరుపుల, చక్రాల కుర్చీల లెక్క తెలుసుకొనుట కొరకు అమర్చిన ఉపకరణం ఊపిరినే ఆపగలదని పరీక్షించకుండ ఎవరు ఊహించగలరు? ఉమ్మడి వ్యవస్థలో క్రొత్తగా ఏ ప్రసారిణిని చేర్చినను, అది తన పని చేయుచున్నదా అని చూచిన చాలదు; చుట్టునున్నవి తమ పని చేయుచున్నవా అని కూడ చూడవలెను.

ఒక్క కొమ్మపై అందరు

నాలుగవది, ఉమ్మడిగా నిలిచినది ఉమ్మడిగానే కూలును. నిస్తంత్రి అని పేరే గాని, గాలిలో వార్త పోయేది కొద్ది మీటర్లు మాత్రమే. పైకప్పులోని పెట్టెను చేరిన తరువాత అది తీగలలోనే, అందరి వార్తలతో కలిసి పోవును. 2002 నవంబరు 13న బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ వైద్యకేంద్రంలో ఆ తీగల వ్యవస్థ స్తంభించినది. ఒక పరిశోధకుడు నడిపిన సమాచార పంపిణీ కార్యక్రమం వ్యవస్థను ముంచివేసినది. ఒకదానికొకటి తగిలిస్తూ ఏళ్ళ తరబడి పెంచిన ఆ నిర్మాణం ఆ భారాన్ని మోయలేక, వార్తలు గుండ్రంగా తిరిగే సుడిలో పడినది. కుదుటపడుటకు మూడు రోజులకు పైగా పట్టినది. ఆ రోజులలో వైద్యులు, నర్సులు కాగితాలతో పని నడిపినారు. ఆ ఆసుపత్రివారిని మెచ్చుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది. జరిగినదానిని దాచక, ఇతరులకు పాఠంగా ఉండవలెనని బహిరంగంగా చెప్పినారు.

2017 మేలో వానాక్రై అను దుష్ట కార్యక్రమం ప్రపంచమంతట వ్యాపించినప్పుడు ఇంగ్లండులోని 236 ప్రభుత్వ వైద్య ట్రస్టులలో కనీసం 80కి దెబ్బ తగిలినది. దానికి వైఫై కారణం కాదు. సకాలంలో సరిదిద్దని కంప్యూటర్లు కారణం. కాని ఒక గదిలోని కార్యాలయపు కంప్యూటరు, మరొక గదిలోని వైద్యయంత్రం ఒకే వీధిలో నివసిస్తున్నప్పుడు ఒకరి అజాగ్రత్త మరొకరికి అంటుకొనునని ఆ సంఘటన చాటినది. ఉమ్మడి నిర్మాణం అనగా హద్దులు లేని నిర్మాణమని కొందరు పొరబడుతున్నారు. ఒకే తీగలు, ఒకే పెట్టెలు వాడుకొంటూనే లోపల గదులు వేరు చేయవచ్చును. అతిథుల వార్తలు రోగి పరికరాల గదిలోనికి రాకుండ తలుపులు వేయవచ్చును. అది చేయని ఉమ్మడికి పొదుపు అను పేరు తగదు.

నీరటి లేని చెరువు

ఈ లోపాలన్నిటికి మూలం ఒకటే అని నా అభిప్రాయం. మన పల్లెలలో చెరువు ఉమ్మడి సొత్తు. అయినను తూము ఎప్పుడు ఎత్తవలెను, ఏ మడికి ఎంతసేపు నీరు పోవలెను అని చూచుటకు నీరటి అను ఒక మనిషి ఉండేవాడు. నీరు తగ్గిన ఏడాది ఎవరి పొలం ఎండవలెనో కూడ ముందే ఊరంతకు తెలిసి ఉండేది. నీరు నిండుగా ఉన్ననాడు నీరటి పని ఎవరికీ కనపడదు. తగ్గిననాడు అతడు లేకపోతే తగవే. ఆసుపత్రి గాలి కూడ అట్టి చెరువే. దానికి నీరటి ఎవరు? కంప్యూటర్ విభాగం వారు తమకు యంత్రాల సంగతి తెలియదంటారు. వైద్యయంత్రాల ఇంజనీర్లు తమకు నెట్‌వర్కు సంగతి తెలియదంటారు. అమ్మినవారు తమ పెట్టె వరకే తమ పూచీ అంటారు.

ఈ సంగతిని గుర్తించి 2010లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 80001 అను సంఖ్యతో ఒక ప్రమాణాన్ని వెలువరించినది. దానికి 2021లో రెండవ కూర్పు వచ్చినది. వైద్యయంత్రాలను కలిపిన నెట్‌వర్కుకు అంతిమ బాధ్యత ఆసుపత్రిదేనని, అపాయాల లెక్క చూచుటకు ఒక నియమిత వ్యక్తి ఉండవలెనని, యంత్రాలు అమ్మినవారికి ఆసుపత్రికి మధ్య ఎవరి పూచీ ఎంతవరకో వ్రాతలో ఉండవలెనని తొలి కూర్పు చెప్పినది. రోగి భద్రత, చికిత్స సాఫల్యం, సమాచార రక్షణ అను మూడింటిని కలిపి చూడుమన్నది. ఇది మెచ్చదగిన ఆలోచన. కాని దీని బలహీనత కూడ ఇక్కడే ఉన్నది. బాధ్యత ఆసుపత్రిదని చెప్పుట సులభం. ఆ బాధ్యతను మోయగల ఇంజనీరు, కొలత పరికరాలు, తీరుబడి పెద్ద నగరాల ఆసుపత్రులకు ఉండవచ్చును గాని, జిల్లా ఆసుపత్రికి ఎక్కడి నుండి వచ్చును? ప్రమాణం ఆ ప్రశ్నను ప్రభుత్వాలకు, నిర్వాహకులకు వదలివేసినది.

మన దేశంలో ఈ ప్రశ్న మరింత పదునైనది. 2005 జనవరిలో భారత ప్రభుత్వం 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని, 2018లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని విశాల భాగాన్ని లైసెన్సు అక్కరలేకుండ వాడుకొనుటకు అనుమతించినది. వైఫై వ్యాప్తికి ఇది ఎంతో తోడ్పడినది. కాని ఆ 2005 నియమాలలోని షరతు చదువదగినది: ఇతరులకు అంతరాయం కలిగించరాదు; ఇతరుల వలన కలిగే అంతరాయం నుండి రక్షణ కోరరాదు; ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. అనగా రోగి గుండె గీతకు, ఆసుపత్రి ఎదుటి కాఫీ హోటలు వైఫైకి చట్టం దృష్టిలో భేదం లేదు. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఒకదానిపై ఒకటి పడకుండ వాడుకొనదగిన చానళ్ళు స్థూలంగా మూడే. అందులోనే బ్లూటూత్, అందులోనే వంటగదిలోని మైక్రోవేవ్ పొయ్యి. 1998లో డల్లాస్ ఆసుపత్రి ఏ స్థితిలో ఉన్నదో, అనుమతి ఉండి రక్షణ లేని స్థితి, వైఫై మీద ఆధారపడే మన ఆసుపత్రిది కూడ అదే.

అడుగవలసిన ప్రశ్నలు

దీనిని బట్టి ఉమ్మడి వ్యవస్థను నిరాకరించవలెనని నేను చెప్పుట లేదు. దానిని కొనేముందు నాలుగు ప్రశ్నలకు వ్రాతమూలకంగా జవాబు తీసుకొనవలెనని చెప్పుచున్నాను.

మొదటిది: గాలి నిండినప్పుడు ఎవరు ఆగవలెను? రెండవది: కొలత ఎక్కడ, ఎప్పుడు జరిగినది? ఖాళీ భవనంలో ఒక ఫోనుతో నడిచి చూచుట కొలత కాదు. 2.45 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 12 సెంటీమీటర్లు. గోడల నుండి ప్రతిఫలించిన తరంగాలు కలిసి, ఒకచోట బలంగా ఉన్న వార్త అరచేయంత దూరంలో బలహీనం కావచ్చును. ఎక్స్‌రే గది సీసపు రేకులు, లిఫ్టు లోహపు గోడలు, నీటితో నిండిన మానవ శరీరాలు కూడ తరంగాలను అడ్డుకొనును. వార్డు నిండి ఉన్నప్పుడు, రోగి పరికరాన్ని రోగి ఒంటిమీదనే ఉంచి, స్నానాల గది వరకు నడిపించి కొలువవలెను. మూడవది: వార్త తెగినప్పుడు పరికరం ఏమి చేయును? గీతను తనలోనే దాచుకొని తరువాత పంపునా? తానే అక్కడ హెచ్చరిక మ్రోగించునా? నర్సుల బల్ల మీద ‘సంబంధం తెగినది’ అని కనపడునా, లేక పాత గీతయే నిలిచిపోయి అంతా బాగున్నట్లు తోచునా? చివరిదానికంటె ప్రమాదకరమైనది లేదు. నాలుగవది: ఈ మూడింటికి జవాబుదారి ఎవరు? విభాగం పేరు కాదు, మనిషి పేరు కావలెను. రాత్రి రెండు గంటలకు పిలిస్తే పలుకగల మనిషి కావలెను.

భౌతిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయులు తరంగాల పాఠం చెప్పునప్పుడు పైన వ్రాసిన పాచికల ఆటను, విద్యుత్ క్షేత్రపు లెక్కను విద్యార్థులచేత చేయించవలసినదిగా మనవి. ఆ విద్యార్థులలో కొందరు రేపు ఆసుపత్రులకు నెట్‌వర్కులు నిర్మించువారు, కొందరు వైద్యులు, కొందరు కొనుగోలు పత్రాల మీద సంతకం చేసే అధికారులు కాగలరు. సెకనుకు ఎన్ని కోట్ల బిట్లు అని మాత్రమే అడిగి ఊరుకొనక, నిండిననాడు ఏమగును అని అడుగుట వారికి ఇప్పటినుండి అలవాటు కావలెను.